డేరా కింది నేల ఎవరిది? ప్రశాంతత ఎవరిది?

పల్లెలకు కొత్త వ్యాపారం దిగింది. దాని పేరు గ్లాంపింగ్. పేరు విని బెదరాల్సిన పని లేదు. చేన్ల నడుమ డేరా వేస్తారు. డేరాలో పరుపు మంచం, వేడినీళ్ల స్నానాల గది, వాకిట్లో దీపాలు. పట్నం వాళ్లు శనివారం దిగుతారు, ఆదివారం పొద్దుగూకే సరికి పోతారు. మూసీ పుట్టిన అనంతగిరి గుట్టల దిక్కు, వికారాబాదు చుట్టుపక్కల రిసార్టుల వెంట ఈ డేరాలూ లేస్తున్నాయి. బోర్డుల మీద రెండు మాటలు కనబడతాయి. ఒకటి ప్రశాంత వాతావరణం. రెండోది ప్రకృతికి హాని లేదు.

మా పేచీ డేరాతో కాదు, ఆ రెండు మాటలతో. ఎవరికి ప్రశాంతం? ఎవరికి హాని లేదు? కొలిచేది వాడలో నిలబడా, గుట్ట మీద కుర్చీ వేసుకొనా?

డేరా మనకు కొత్త కాదు. నిజాం జమానాలో అధికారి ఊరికొచ్చి మకాం వేస్తే డేరా మోసింది మన తాతలు. నీళ్లు తోడింది, గుర్రాలకు గడ్డి కోసింది మన అవ్వలు. కూలి లేదు, అడిగే నోరు లేదు. దాని పేరు వెట్టి. అందుకే డేరా కనబడితే మేము ముందు అడిగేది ఇదే: గుంజ పాతింది ఎవరు, లోపల పండుకునేది ఎవరు, కింద నేల ఎవరిది?

నేల సంగతే ముందు చూద్దాం. మా మండలంలో ఒక ఊరు ఉంది. ఆ ఊరి వాడకు లావణి పట్టాల కింద గుట్టవాలు భూమి ఇచ్చారు. రాళ్లూ రప్పలూ, నాగలి దిగని నేల. పనికిరాదని ఊరు వదిలేసిందే మనవాళ్లకు పంచిపెట్టారు. మన వాళ్లు రాళ్లు ఏరి, గట్లు పోసి, కందులూ జొన్నలూ పండించారు. ఇప్పుడు ఆ వాలుకే విలువ వచ్చింది. అక్కడ నిలబడితే సూర్యోదయం బాగా కనబడుతుందట! పట్నం ఆసామి ఒకాయన వచ్చి, "అమ్మకం కాదు పెద్దాయనా, ఉత్త కౌలే. గోడ కట్టను, సిమెంటు పొయ్యను. డేరా పీకితే మళ్లీ గడ్డి మొలుస్తది" అని కొందరితో వేలిముద్రలు వేయించుకున్నాడు.

ఆ కాగితం మా దగ్గరికి చదివించుకోవడానికి వచ్చింది. చదివి మేము చెప్పిందే ఇక్కడా చెబుతున్నాం. 1977 నాటి అసైన్డు భూముల బదలాయింపు నిషేధ చట్టంలో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు. దానం, మార్పిడి, తాకట్టు, కౌలు కూడా బదలాయింపే. అలాంటి కాగితం చెల్లదు. ఆ భూమిని వెనక్కి తీసుకొని అసలు పట్టాదారుకు అప్పగించే అధికారం సర్కారుకు ఉంది. అయితే గుర్తుంచుకోవాలి: ఒకసారి తిరిగి వచ్చిన భూమిని మళ్లీ రాసిస్తే అది మనకు రాదు, సర్కారు తీసుకొని వేరే పేదకు ఇస్తుంది. ఆంధ్రలో 2023లో ఈ చట్టాన్ని సవరించి, పట్టా ఇచ్చి 20 ఏళ్లు దాటితే అమ్ముకోవచ్చు అన్నారు. ఆ తలుపు పేదవాడు బయటికి నడవడానికా, ఆసామి లోపలికి రావడానికా? అక్కడి మిత్రులు కళ్లు తెరిచి చూసుకోవాలి.

సొంత పట్టా భూమిలో వేసినా డేరాకు చట్టం లేదనుకోవద్దు. వ్యవసాయ భూమిని మరో పనికి వాడాలంటే తెలంగాణలో నాలా చట్టం కింద అనుమతి ఉండాలి. చట్టం చూసేది గోడను కాదు, వాడకాన్ని.

ఇక తొవ్వ సంగతి. ఆ డేరాల చుట్టూ కంచె వేశారు. వాడ నుంచి బొందలగడ్డకు పోయే బాట ఆ కంచె లోపల పడింది. "చుట్టు తిరిగి పోండ్రి" అన్నారు. మొన్న ఒక ముసలమ్మ చనిపోతే పాడె మోసుకొని వాగు దిగి చుట్టు తిరిగిపోయారు. డప్పు మోగుతుంటే అక్కడి మేనేజరు ఉరికొచ్చాడు. "కొంచెం ఆపుండ్రి, గెస్టులు పండుకున్నరు" అన్నాడు. కొడుకు ఏడుస్తూనే అన్నాడు: "మా అవ్వ గూడ పండుకున్నది సారూ. ఆమెను సాగనంపుతున్నం."

ఇదా ప్రశాంతత? మన డప్పు ఆగితే వచ్చేది ప్రశాంతత కాదు, మన నోరు మూతబడటం. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకులూ డప్పులూ మోగించకూడదని 2000 సంవత్సరపు శబ్ద నియమాల్లో ఉంది. మేము కాదనం. కానీ అది మిట్టమధ్యాహ్నం. పట్టపగలు పాడె ముందు డప్పు ఆపమనే హక్కు ఏ గెస్టుకూ లేదు. శ్మశానానికి, ఉమ్మడి బాటకు దళితులను అడ్డగించడం అత్యాచార నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ప్రకారం నేరం. కంచె వేసినవాళ్లు ఈ మాట చదువుకోవాలి.

దూరం నుంచి చూస్తే ప్రతి ఊరూ ప్రశాంతమే. 1985కు ముందు కారంచేడూ, 1991కు ముందు చుండూరూ గుట్టమీది నుంచి పచ్చగానే కనబడి ఉంటాయి. పల్లె అంటే ముచ్చటపడే వాళ్లకు అంబేడ్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలోనే జవాబు చెప్పాడు. పల్లె సంకుచితానికీ అజ్ఞానానికీ నిలయమన్నాడు. ఆ మాట ఇప్పటికీ ముల్లులా గుచ్చుతుంది, ఎందుకంటే ఊరూ వాడా ఇంకా రెండుగానే ఉన్నాయి.

ఇక రెండో మాట, హాని లేదన్నది. నీళ్లు వాడని మరుగుదొడ్లు పెట్టామని గొప్పలు చెప్పుకుంటున్నారు. నీళ్లు ఆదా అయితే మంచిదే. కానీ ఆ డబ్బా ఎత్తేది ఎవరు? పని అడగడానికి మన వాడకే ఎందుకు వస్తారు? మలం పూర్తిగా మట్టి కాకముందే మనిషితో ఎత్తించడం 2013 చట్టం ప్రకారం నేరం. సెప్టిక్ ట్యాంకులో రక్షణ లేకుండా దింపడమూ నేరమే. ట్యాంకుల్లో చనిపోయిన వాళ్ల కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని సుప్రీం కోర్టు 2014లో అన్నది. 2023లో 30 లక్షలన్నది. ప్రాణం ధర పెరిగింది, దిగేవాడి కులం మారలేదు. చెట్టుకు హాని లేని పని మనిషికి హాని చేస్తే దాన్ని హాని లేదని ఎట్లా రాస్తారు?

వంటింటి సంగతి కూడా చెప్పాలి. పల్లె భోజనం అని జొన్నరొట్టె వడ్డిస్తారు. ఆ జొన్న పండించిన మన ఆడవాళ్లు మాత్రం వెనక గిన్నెలు తోముతారు. పొయ్యి దగ్గరికి రానివ్వరు. కులం అడగలేదంటారు. అడగకుండానే తెలిసిపోతుంది మరి!

మమ్మల్ని అడ్డుపుల్లలనే వాళ్లుంటారు. ఆ డేరాల్లో మన పోరలు నలుగురైదుగురికి పని దొరికింది, నిజమే. వానలు లేని కాలంలో ఆ జీతమే ఇంటిని నిలబెట్టింది, అదీ నిజమే. ఆ పని మానెయ్యమని మేము చెప్పం. ఆకలికి ఉపన్యాసం జవాబు కాదు. పట్నం మనిషి చెట్టు కింద కూర్చుని ఊపిరి పీల్చుకుంటే మాకు కడుపుమంటా లేదు. సరిగ్గా నడిపితే నడపనిద్దాం. సరిగ్గా అంటే ఏమిటో మనం చెప్పాలి.

ఒకటి: లావణి భూమిలో గుంజ పాతకూడదు. పాతినవి పీకి, నేలను పట్టాదారుకు అప్పగించాలి.

రెండు: బొందలగడ్డ బాట, మేకలు పోయే బాట, వాగు రేవు కంచెకు బయట ఉండాలి.

మూడు: పని కాగితం మీద ఉండాలి. కనీస వేతనం, వారానికో సెలవు, ఆడవాళ్లకూ అదే కూలి.

నాలుగు: మరుగుదొడ్డికి రెండు గుంటలు తవ్వాలి. ఒకటి నిండితే మూసి, ఏడాదికి పైగా వదిలి, మట్టి అయ్యాకే తియ్యాలి. ఆ పని ఏ ఒక్క కులానికీ కట్టబెట్టకూడదు.

ఐదు: వంటింట్లో మన ఆడవాళ్లు ఉండాలి. గిన్నెల దగ్గరే కాదు, పొయ్యి దగ్గర, లెక్కల పుస్తకం దగ్గర కూడా.

ఆరు: బోరు ఎంత లోతు, రోజుకు ఎన్ని నీళ్లు తోడుతున్నారు, గ్రామసభలో చెప్పాలి. వాడ బోరు ఎండి, డేరాలో తొట్టి నిండితే ఊరుకోం.

ఇవి ఒప్పుకొని నడిపేవాడిని వద్దనం. ఒప్పుకోనివాడు బోర్డు మీద ఆ రెండు మాటలూ చెరిపెయ్యాలి.

మిత్రులారా, ఏ కాగితం మీదా చదివించుకోకుండా వేలిముద్ర వెయ్యొద్దు. పాత లావణి పట్టాలు పెట్టెల్లోంచి తియ్యండి. పాసు పుస్తకంతోనూ, భూభారతి రికార్డుతోనూ సరిచూసుకోండి. పేరు తప్పితే ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. రాబోయే గ్రామసభకు వాడంతా కలిసి పోదాం. ఈ ఆరు మాటలూ తీర్మానం పుస్తకంలో రాయిద్దాం. పోయేటప్పుడు డప్పు కొట్టుకుంటూనే పోదాం.

జై భీమ్!