లాక్కున్న ఫోను

మా అమ్మాయికి పన్నెండేళ్లు. కిందటి వేసవి సెలవుల్లో ఒక రాత్రి అన్నం కలుపుకుంటూ, "నాన్నా! ఫోను గేములో ఒక అన్నయ్య రోజూ పలకరిస్తాడు. ఇప్పుడు నా ఫోటో పంపమంటున్నాడు" అంది. ఆ 'అన్నయ్య'గారికి ముప్ఫై పైమాటేనట!

తరువాత నేను చేసిన నిర్వాకం చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఎంగిలిచెయ్యి కడుక్కోకుండానే ఫోను లాక్కున్నాను. మెసేజీలన్నీ తుడిచేశాను. "నీకు బుద్ధుందా?" అని పిల్లను నాలుగూ దులిపి, ఫోను బీరువాలో పడేసి తాళం వేశాను. పెద్ద గండం గట్టెక్కించానని నా ధీమా. మూడు వారాలపాటు పిల్ల నాతో ముక్తసరిగా తప్ప మాట్లాడలేదు.

చివరికి వాళ్లమ్మ దగ్గర బయటపడింది. "మీ నాన్నకు చెప్పకు. చెబితే ఫోను లాక్కుని నిన్నే తిడతాడు" అని ఆ పెద్దమనిషి ముందే అన్నాడట. అయినా అది ధైర్యం చేసి చెప్పింది. వాడి మాట అక్షరాలా నిజం చేసినవాణ్ణి నేను!

తెలిసిన వకీలుగారి దగ్గరకు వెళితే ఆయన మొట్టమొదట అడిగింది, "ఆ మెసేజీలు ఉన్నాయా?" అని. దురుద్దేశంతో పిల్లలను ఫోనులోనో ఇంటర్నెట్టులోనో పదేపదే పలకరించడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం నేరమట, మూడేళ్లదాకా జైలు. సాక్ష్యం కాస్తా నేనే తుడిచి కూర్చున్నాను. అవి చెరపకుండా, స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకుని, 1930కి గాని పిల్లల సహాయానికున్న 1098కి గాని ఫోను చేయవలసిందట.

ఇంటర్నెట్టులో పిల్లలతో మాట్లాడే పెద్దలంతా దుర్మార్గులని నేననను. చదరంగం నేర్పే మాస్టార్లూ ఉన్నారు. కాని ఇంట్లో చెప్పవద్దన్నా, ఫోటో అడిగినా, ఆటలో కానుకలు పంపి, ఆట వదిలి వేరేచోట మాట్లాడుకుందాం రమ్మన్నా అనుమానించవలసిందే. ఇవన్నీ పిల్లలు చెబితేనే కదండీ మనకు తెలిసేది! ఆ రాత్రి నేను చేయవలసిందల్లా అన్నం తింటూ, "చెప్పి మంచిపని చేశావమ్మా. ఇంకా ఏమన్నాడు?" అని అడగడం. తిట్టడానికి తెలుగులో నాకు కరువు లేదు గాని, ఈ రెండు ముక్కలూ నోటికి రాలేదు.

మర్నాడు బీరువా తాళం తీసి, ఫోను దాని చేతికిచ్చి, "పొరపాటు నాదేనమ్మా" అన్నాను. అది నన్ను ఎగాదిగా చూసింది.

"ఇంకోటి చెబితే మళ్లీ లాక్కోవుగా?"

"లాక్కోను."

"అయితే కూర్చో" అంది.