ఇంటి కావలికి కెమెరాలు: రైతు ఎంచుకొనవలసిన విధము

పంట పండించుట యొక యెత్తు, పండిన దానిని కాపాడుకొనుట యొక యెత్తు. పూర్వము కళ్లమున రాశి యున్నన్ని దినములును ఇంటి మగవారు అచ్చటనే పరుండెడివారు. ఊర తలారి రాత్రులు తిరుగుచుండెడివాడు. నేడు పిల్లలు చదువులకును ఉద్యోగములకును పట్టణములు చేరగా ననేక గృహములలో వృద్ధ దంపతులే మిగిలియున్నారు. జీతమిచ్చి కావలివాని నుంచుకొనుట పెద్ద కమతగాండ్రకును భారమైనది. మోటారు తీగ, స్టార్టరు, డ్రిప్పు గొట్టములు, ట్రాక్టరు బ్యాటరీ, మేకలు, మిరప బస్తాలు, వీనిలో దొంగ కన్ను పడని దేదియు లేదు. కావుననే కావలి కెమెరాలు పల్లెటూళ్లకును వచ్చినవి. ఇది సంతోషింపదగిన విషయమే. కాని మనవారు వానిని కొనుచున్న విధము మాత్రము సంతోషకరముగా లేదు.

అంగడివాడు కెమెరాల సంఖ్యను చెప్పును, మనవాడు ధర నడుగును, బేరము ముగియును. విత్తనము కొనునపుడు మొలక శాతము నడుగు రైతు, ఎరువు కొనునపుడు సంచిమీది యంకెలు చదువు రైతు, ఇచ్చట మాత్రము కన్నులు మూసికొని సొమ్ము చెల్లించుట వింత గాదా? నా యభిప్రాయము మొదటనే చెప్పెదను: చోటెరుగక పెట్టిన ఎనిమిది చవుక కెమెరాలకంటె, చోటెరిగి పెట్టిన మూడు మంచి కెమెరాలును, వానికి తగిన రికార్డరును మేలు. ఇందుకు కారణము లివి.

కెమెరా కావలివాడు కాదు, సాక్షి. అది దొంగ చేయి పట్టుకొనలేదు, జరిగినదానిని చెప్పగలదు. మంచి సాక్షికి మూడు గుణము లుండవలయును. స్పష్టముగా చూడవలయును, చూచినదానిని మరువరాదు, అడిగినపుడు నమ్మదగునట్లు చెప్పవలయును. మొదటిది కెమెరా పని, రెండవది రికార్డరు పని, మూడవది యజమాని జాగ్రత్త. ఈ మూటిలో నొకటి లోపించినను తక్కిన రెండును వ్యర్థములే.

"దొంగకు భయము పుట్టిన చాలును, డొల్లపెట్టె యైనను వ్రేలాడదీయుదము" అని కొంద రందురు. చేనిలోని బెదురుబొమ్మ సంగతి మన మెరుగనిదా? నాలుగు దినములు పిట్టలు జంకును. అయిదవ దినమున బొమ్మ నెత్తిమీదనే వ్రాలును.

చూపు:— కొనుటకు ముందు కాగితముపై నింటి పటము గీయుడు. వీధి గుమ్మము, పెరటి త్రోవ, గొడ్ల సావిడి, ధాన్యపు కొట్టు, ట్రాక్టరు నిలుచు చోటు గుర్తింపుడు. దొంగ యెచ్చటినుండి రాగలడో, ఏమి యెత్తుకొనిపోగలడో యోచింపుడు. అప్పుడు కెమెరాలు ఎన్ని కావలెనో మీకే తెలియును. సామాన్యముగా వీధి గుమ్మమున కొకటి, పెరటి త్రోవ కొకటి, సరకున్న కొట్టున కొకటి చాలును.

కెమెరా చిత్రము చిన్న చిన్న చుక్కల కూర్పు. వీనినే పిక్సెలు లందురు. రెండు మెగాపిక్సెలుల కెమెరాకు అడ్డముగా 1920 చుక్క లుండును. మీటరు వెడల్పునకు 25 చుక్కలు పడినచో మనిషి యొకడు వచ్చెనని తెలియును. 125 పడినచో ఎరిగిన మనిషిని గుర్తింపవచ్చును. ఎరుగనివాని ముఖమును నిస్సందేహముగా పోల్చుకొనుటకు 250 చుక్కలు కావలయును. ఇవి అంతర్జాతీయ ప్రమాణమున నేర్పరుపబడిన కొలతలు. ఇక లెక్క చూడుడు. 1920ని 250తో భాగింప దాదాపు ఏడున్నర మీటరులు వచ్చును. అనగా ఆ కెమెరా చూపు వెడల్పు అంతకు మించినచో క్రొత్తవాని ముఖము తెలియదు. ఇరువది మీటరుల పెరటిని ఒక్క కెమెరాతో చూపించి "అంతయు కనబడుచున్నది" అని యంగడివాడు చెప్పుట నిజమే. కాని మీటరునకు 96 చుక్కలే పడును. ఎవడో వచ్చెననియే గాని, వచ్చినవా డెవడో తెలియదు.

దీనికి నివారణము కటకమును ఎంచుకొనుటలో నున్నది. 2.8 మిల్లీమీటరుల కటకము వెడల్పుగా చూచును గాని, రెండు మెగాపిక్సెలుల కెమెరాలో ముఖమును సుమారు మూడు మీటరులలోపల మాత్రమే పోల్చగలదు. 6 మిల్లీమీటరులది ఇరుకుగా చూచును గాని, ఏడు మీటరుల దాక పోల్చగలదు. కావున పెరడంతయు చూచుటకు మొదటి రకమును, మనుష్యులు తప్పక నడువవలసిన గుమ్మమునకు రెండవ రకమును పెట్టుట యుక్తము. గుమ్మపు కెమెరాను చూరుమీద పెట్టినచో తలపాగా మాత్రమే కనబడును. ఎనిమిది తొమ్మిది యడుగుల యెత్తు చాలును. వాన ధూళులకు తట్టుకొనుటకు ఐ.పి. 66 గాని 67 గాని యను గుర్తున్న దానినే కొనుడు.

రాత్రి:— దొంగతనములు ప్రాయికముగా రాత్రివేళ జరుగును గాన పగటి చిత్రము చూచి మురియరాదు. సామాన్య కెమెరాలు చీకటిలో కంటికి కనబడని యెరుపు కిరణములతో చూచును. చిత్రము నలుపు తెలుపులలో వచ్చును. చొక్కా రంగు తెలియదు. పెట్టెమీద 30 మీటరు లని వ్రాసినచో వెలుగు అంత దూరము పోవునని యర్థము గాని, ముఖము అంత దూరము తెలియునని కాదు. ఆ వెలుగునకు పురుగులు చేరును, పురుగులకై సాలీడు గూడు కట్టును. ఆ గూడే తెల్లని తెరవలె చిత్రమును కప్పివేయును. వారమున కొకసారి మెత్తని గుడ్డతో తుడువవలయును. గుమ్మమున నొక చిన్న దీపము రాత్రియంతయు వెలుగుచున్నచో చిత్రము నాణ్యము చాల హెచ్చును.

తీగ:— ఏకాక్ష కేబులుతో డి.వి.ఆర్. అను రికార్డరునకు కలుపునది యొక పద్ధతి. కంప్యూటరు కేబులుతో ఎన్.వి.ఆర్. అను రికార్డరునకు కలుపునది రెండవ పద్ధతి. మొదటిది చవుక, మండల కేంద్రమందలి పనివారికి బాగుగా తెలిసినది, వంద మీటరులకు మించిన దూరమునకును పనికివచ్చును. రెండవదానిలో చిత్రమును విద్యుత్తును ఒక్క తీగయే మోయును. కెమెరాలోనే చిన్న కార్డు నుంచుకొను సౌకర్యము తరచుగా నుండును. కాని ఒక్కొక్క కేబులు 100 మీటరులకు మించరాదు. ఊర మరమ్మతు చేయువాడు దొరకని సరకు ఎంత గొప్పదైనను రైతునకు తగదు. కావున దగ్గర పనివాడు ఏ పద్ధతి నెరుగునో దానినే మొదట కొనుట మంచిదని నా తలంపు. తీగ లేని వైఫై కెమెరాలు చూచుటకు సులభములు గాని, సంకేతము తగ్గినపుడు చిత్రము తెగును. తీగ వేయగలచోట తీగయే మేలు. రికార్డరు మాత్రము నేటి యవసరమునకంటె రెట్టింపు కెమెరాలకు చాలునట్టిది కొనుడు. కెమెరాలు తరువాత చేర్చుకొనవచ్చును.

పొలమందలి మోటారు షెడ్డు మాట వేరు. అచ్చటికి సూర్యరశ్మి పలకయు, సిమ్ము కార్డును గల కెమెరా సరిపడును. కాని అచ్చట ఫోను సంకేతము చక్కగా నందుచున్నదో లేదో ముందు చూచుకొనుడు. నెలనెల సిమ్మునకగు ఖర్చును లెక్కలో వేసికొనుడు. కెమెరాతో పాటు అందలి కార్డును దొంగ పట్టుకొనిపోగలడు గాన వెంటనే ఫోనుకు చిత్రము పంపు రకమునే కొనవలయును.

జ్ఞాపకము:— ఇచ్చటనే మనవారు ఎక్కువగా మోసపోవుచున్నారు. హెచ్.265 అను పద్ధతిలో రెండు మెగాపిక్సెలుల కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున వ్రాసిన దనుకొందము. దినమునకు 21.6 జీబీ యగును. నాలుగు కెమెరాలకు 86 జీబీకి పైన. ఒక టెరాబైటు, అనగా వేయి జీబీల డిస్కు, 11 దినములకే నిండును. అటుపిమ్మట పాత చిత్రముపై క్రొత్తది వ్రాయబడును. హెచ్.264 అను పాత పద్ధతి యైనచో దాదాపు రెట్టింపు చోటు పట్టును. అప్పుడు ఆరు దినములైన నిలువదు. కూతురు పురుటికై పది దినములు పొరుగూరు పోయి వచ్చిన కుటుంబమునకు ఆరు దినముల జ్ఞాపక మేమి యుపయోగము? జనులు గుమిగూడు స్థలములలో 30 దినముల చిత్రము నిలువయుంచవలెనని 2013వ సంవత్సరపు ప్రజా భద్రతా చట్టము నిర్ణయించినది. ఇండ్లకు ఆ నిర్బంధము లేకున్నను ఆ కొలత మంచిదే. పై లెక్క ప్రకారము నాలుగు కెమెరాలకు 4 టెరాబైటుల డిస్కు 46 దినములు వచ్చును.

డిస్కు రకమును గూడ అడుగుడు. కంప్యూటరులో వేయు సామాన్యపు డిస్కు రాత్రింబవళ్లు వ్రాయుటకు చేయబడినది కాదు. కావలి రికార్డరులకై ప్రత్యేకముగా చేయబడిన డిస్కులు గలవు, వానినే కొనవలయును. రికార్డరును టీవీ ప్రక్కన పెట్టినచో దొంగ టీవీతో పాటు దానిని గూడ మోసికొనిపోవును. గాలి యాడు తాళపు బీరువాలో పెట్టుడు. నాలుగు కెమెరాలును రికార్డరును కలిసి దాదాపు 40 వాట్లు పట్టును. దినమునకు యూనిట్టుకు మించదు. ఇంట ఇన్వర్టరున్నచో దానికి కలుపుడు. లేనిచో చిన్న యూ.పీ.ఎస్. అవశ్యము. ఫ్యూజు తీసివేసినంతనే గ్రుడ్డిదగు సాక్షి సాక్షియే కాదు.

తాళము:— 2016లో మిరాయ్ అను దుష్ట ప్రోగ్రాము లోకమందలి లక్షలాది కెమెరాలలోను, రికార్డరులలోను, రౌటరులలోను జొరబడి, వానినే ఆయుధములుగా జేసి అక్టోబరు 21వ తేదీన అమెరికాలో పెద్ద పెద్ద వెబ్‌సైటులను స్తంభింపజేసెను. అది జొరబడిన ద్వారము మరేమియు కాదు: కర్మాగారమున పెట్టిన పాస్‌వర్డును యజమానులు మార్చకుండుటయే. పనివాడు బిగించి వెళ్లిన దినముననే అతని యెదుటనే పాస్‌వర్డు మార్చుడు. దానిని అతనిచేత నుంచవలదు. గాదె తాళపు చెవి బేరగాని చేతి కిత్తుమా? సరకుమీద భారతీయ ప్రమాణముల సంస్థవారి గుర్తును, ఆర్ అక్షరముతో మొదలగు నమోదు సంఖ్యను చూచి కొనుడు. 2025 ఏప్రిల్ 9 నుండి కెమెరాలకు సైబరు భద్రతా పరీక్షయు విధింపబడినది. కావున పాత నిలువ సరకును చవుకయని తెచ్చుకొనవలదు.

మర్యాద:— మన భద్రత పొరుగువాని మానమునకు భంగము కారాదు. కెమెరా మన గుమ్మమును చూడవలయునే గాని, ఎదురింటి వాకిలిని, పొరుగింటి స్నానపుదొడ్డిని చూడరాదు. స్త్రీలు ఏకాంతమున నున్నపుడు వారి చిత్రములు తీయుట భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను క్రింద నేరము. కెమెరా యున్నదని పనివాండ్రకు తెలియునట్లు పలక వ్రాసి కట్టుట న్యాయము. గట్టు తగవువలెనే కెమెరా తగవు గూడ రెండు కుటుంబములను తరతరములు విడదీయగలదు.

సాక్ష్యము:— దొంగతనము జరిగినచో రికార్డరును తడుముచు కూర్చుండక, వెంటనే పోలీసువారికి తెలిపి, ఆ సమయపు చిత్రమును వేరొకచోటికి నకలు తీయింపుడు. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ననుసరించి అట్టి నకలుతో పాటు ధ్రువపత్రము గూడ న్యాయస్థానమున కీయవలయును. రికార్డరు గడియారము తప్పుగా నున్నచో ఎదుటి వకీలు మొదట పట్టుకొనునది దానినే. నెలకొకసారి గడియారము సరిచూచి, నిన్నటి చిత్రము తిరిగి వచ్చుచున్నదో లేదో పరీక్షింపుడు.

ఇక సంఘముల కర్తవ్యము. ప్రదర్శన క్షేత్రమున పండించి చూపనిదే క్రొత్త వంగడమును రైతు నమ్మడు, నమ్మరాదు గూడ. నా యుద్యోగమే ఆ సూత్రముపై నిలిచియున్నది. కెమెరాలకును అదియే వర్తించును. సంఘపు గిడ్డంగికి మొదట నొక జత పెట్టి, అమావాస్య రాత్రి సభ్యుల యెదుట నొకనిని గేటునుండి నడిపించి, ముఖము తెలియుచున్నదో లేదో చూపింపుమని యమ్మకందారుల నడుగుడు. నిలిచినవాని సరకునకు కటకము, డిస్కు, వారంటీ, మరమ్మతు గడువు వ్రాతపూర్వకముగా నేర్పరచి, కావలసినవారందరికి కలిపి కొనుడు. విడివిడిగా అడిగినపుడు పలుకని యంగడివాడు ముప్పదిమంది కలిసి యడిగినపుడు దిగివచ్చును. సహకార మనగా నిదియే గదా! తెలంగాణములో పోలీసువారు "నేను సైతం" అను పథకము క్రింద ప్రజల సహాయముతో వీధులలో కెమెరాలు పెట్టించిరి. ఊరి మొగలలో నాలుగు కెమెరాలు కలిసి పెట్టుకొనుట అందరికిని లాభకరము.

ఒక్క హెచ్చరిక. దీనికై పంట ఋణమును మళ్లింపవలదు, వడ్డీకి అప్పు చేయవలదు. చేతిలో సొమ్ము తక్కువైనచో ఒకటే మంచి కెమెరాను, పెద్ద డిస్కుగల రికార్డరును మొదట కొని, వచ్చే పంటకు రెండవ కెమెరా చేర్చుకొనుడు. పునాది గట్టిదైనచో గోడ నెప్పుడైన లేపవచ్చును. ఇసుకమీద కట్టిన యింటికి ఎన్ని గదు లున్నను ఒక్క వానకే కూలును.