ఒకే మందు – వేఱు వేఱు ఫలములు



ఒకే వ్యాధి, ఒకే మందు, ఒకే వైద్యుడు. అయినను ఒకరు కోలుకొనుచుందురు, మఱియొకరు నానాటికి క్షీణించుచుందురు. అట్టియెడ ఇంటిలో వినవచ్చు మాటలు మీకు తెలియనివి కావు. “ఇల్లాలు పథ్యము సరిగా నడపలేదు”, “రోగి ధైర్యము విడిచెను”, “కోడలు అడుగు పెట్టిన వేళ మంచిది కాదు” అని ఎవరో యొకరిపై నింద మోపుదురు. ఇట్టి నిందలెంత నిరాధారములో తెలిసికొనుటకు ముదిరిన మూత్రపిండపు క్యాన్సరు ఒక నిదర్శనము. దానిని గూర్చి ఈ మాసమున ముచ్చటింతము.

ఈ వ్యాధి పెక్కుమారులు మొదట నొప్పి లేకయే పెరుగును. ఎముకలకో ఊపిరితిత్తులకో ప్రాకిన పిమ్మట శస్త్రచికిత్స మాత్రముచే సాధారణముగా నయము కాదు. ఇతర క్యాన్సర్లకు వాడు కీమోథెరపీ మందులు దీనిపై అంతగా పనిచేయవు. కావున మన శరీరమందలి రక్షకబలమునే దీనిపైకి పురికొల్పు ఉపాయమును శాస్త్రజ్ఞులు వెదకిరి. దీనికే ఇమ్యునోథెరపీ యని పేరు.

మన నెత్తుటిలో టి కణములను కావలివారు కలరు. వారు మన సొంత కణములను బాధింపకుండుటకు ప్రకృతి వారికి పగ్గములు వేసినది. జపానులో తసుకు హోంజో ప్రయోగశాలవారు 1992లో పి.డి.-1 అను పగ్గమును కనుగొనిరి. క్యాన్సరు కణము ఈ పగ్గమునే లాగిపట్టి కావలివారిని నిలిపివేయుచుండును. ఆ పట్టు విడిపించు మందులలో నివోలుమాబు ఒకటి. అదివఱకు వేఱు మందులు వాడిన 821 మంది మూత్రపిండపు క్యాన్సరు రోగులపై జరిగిన పరిశోధన 2015లో వెలువడెను. నివోలుమాబు పుచ్చుకొన్నవారిలో నూటికి 25 మందికి గడ్డలు బాగుగా తగ్గెను. ఎవరోలిమసు అను వేఱొక మందు పుచ్చుకొన్నవారిలో నూటికి 5గురికే తగ్గెను. పగ్గముల రహస్యమును వెల్లడించినందుకు హోంజోకును, అమెరికాకు చెందిన జేమ్స్ అల్లిసనుకును 2018లో నోబెలు బహుమానము లభించెను. సంతోషమే, కాని తక్కిన 75 మంది మాటయేమి?

సమాధానములో ఒక భాగము మన పుట్టుకలోనే యున్నది. దాదాపు ప్రతి కణమును తనలోని మాంసకృత్తుల తునకలను చిన్న పళ్లెములలో పెట్టి పైపొరపై చూపుచుండును. టి కణము ఆ తునకను పరిశీలించి, మనదైనచో విడిచిపోవును. వికారమైనదని తోచినచో దాడి సల్పును. ఈ పళ్లెములను హెచ్.ఎల్.ఏ. యందురు. వీనిని చేయు జన్యువులు ఆఱవ క్రోమోజోముపై నున్నవి. ఏ, బి, సి అను మూడు ముఖ్యమైన తెగలలో ప్రతిదానికిని తండ్రినుండి ఒకటి, తల్లినుండి ఒకటి మనకు సంక్రమించును. ఒక్కొక్క పళ్లెపు గాడి ఒక్కొక్క తీరుగా నుండుటచే, ఒకదానిలో ఇమిడిన తునక మఱియొకదానిలో ఇమడదు. తునక పళ్లెమెక్కనిచో, పగ్గము విడిచినను కావలివాడు దొంగను పోల్చలేడు. మూత్రపిండ దానమునకు ముందు జోడు చూచునది ఈ గుర్తులనే. తోబుట్టువులలో ఇద్దఱికి ఇవి పూర్తిగా కలియుటకు నాలుగింట ఒక పాలు మాత్రమే అవకాశము కలదు.

ఈ విజ్ఞానములో తల్లులకును భాగము కలదు. 1958లో అమెరికాలో రోజ్ పేన్ అను విదుషీమణియు, హాలెండులో యాన్ వాన్ రూడ్ అను వైద్యుడును గర్భవతులైన స్త్రీల నెత్తుటిని పరీక్షించి, బిడ్డకు తండ్రినుండి వచ్చిన గుర్తులను ఎదిరించు పదార్థములు అందున్నవని చూపిరి. పిమ్మట పెక్కేండ్లు ఈ గుర్తులను వేఱుపఱచుటకు బిడ్డలను కన్న తల్లుల నెత్తురే సాధనమయ్యెను.

ఇక చికిత్సతో దీని సంబంధమును చూతము. పగ్గము విడిపించు మందులు పుచ్చుకొన్న 1,500 మందికి పైగా రోగులను పరిశీలించి 2018లో కొందఱు శాస్త్రజ్ఞులు ఒక విషయము ప్రకటించిరి. తల్లిదండ్రులనుండి వేఱు వేఱు పళ్లెములు వచ్చినవారు, ఒకే రకము రెండుమార్లు వచ్చినవారికంటె ఎక్కువ కాలము జీవించిరి. ఆ రోగులలో ముఖ్యులు మెలనోమా, ఊపిరితిత్తుల క్యాన్సరు గలవారు. 2022లో వెలువడిన మఱియొక పరిశోధనలో ముదిరిన మూత్రపిండపు క్యాన్సరు రోగులును చేరిరి. హెచ్.ఎల్.ఏ.-ఏ 03 అను రకము గలవారికి ఈ మందులవలన మేలు తక్కువగా కలిగెనని అందు తేలినది. ఇతర విధములైన మందులు పుచ్చుకొన్నవారిలో ఆ భేదము కానరాలేదు. కావున అది మందునకును పుట్టుగుర్తునకును గల పొత్తే గాని, ఆ గుర్తుగలవారి వ్యాధియే చెడ్డదని కాదు.

అయినను దీనిని నుదుటివ్రాతగా భావింపరాదు. ఈ భేదములు పెక్కుమందిని కలిపి చూచినపుడు తోచునవి; ఒక్క మనిషి గతిని నిర్ణయింపజాలవు. పరీక్షింపబడినవారిలో పలువురు ఐరోపా సంతతివారు; ఈ గుర్తుల పంపకము జాతిజాతికి మారుచుండును గనుక మనవారికి వానిని ఉన్నవియున్నట్లు అన్వయింపరాదు. ఈ గుర్తును చూచి మందు ఇచ్చుటయో మానుటయో నేటి వైద్యమున ఆచారము కాదు. వ్యాధి తీవ్రత, రక్తపరీక్షలు, రోగి సత్తువ చూచియే వైద్యులు నిర్ణయింతురు. ఒక పగ్గపు మందునకు తోడుగా రెండవ పగ్గపు మందునో, గడ్డకు నెత్తురు చేర్చు నాళములు పెరుగకుండ ఆపు మాత్రనో కలిపి యిచ్చు పద్ధతులును ఇపుడు కలవు.

ఇంటివారు చేయవలసిన పని వేఱొకటి కలదు. పగ్గము విడిచిన కావలివారు ఒక్కొక్కపుడు సొంతయింటిపైనే పడుదురు. విరేచనములు, ఆయాసము, దద్దులు, మితిమీఱిన నీరసము కనిపించినచో, “మందు వేడి చేసినది” అని మజ్జిగతో సరిపెట్టక, వెంటనే చికిత్స చేయు వైద్యునికి తెలుపవలెను. చికిత్స ముగిసిన కొన్ని నెలలకును ఇవి రావచ్చును. బలము పెంచునని ఎవరో చెప్పిన పొడులను వైద్యునికి తెలియకుండ ఈయరాదు.

మందు పనిచేయని యింట దుఃఖమే చాలును. దానికి నింద తోడు కానక్కఱలేదు. తల్లిదండ్రులనుండి వచ్చిన పళ్లెపు గాడిని ఏ పథ్యమును, ఏ పరిచర్యయు మార్చజాలవు. రేయింబవళ్లు మంచముకడ కూర్చున్న యిల్లాలికి ఆ మాట చెప్పుడు. ఆమె మనసు కొంత తేలికపడును.