శాలువాలు చాలు, రాయల్టీ ఇవ్వండి

మాది పటాన్‌చెరు. ఇస్నాపూర్ చౌరస్తాలో ఒక చాయ్ హోటల్ ఉంది. నైట్ షిఫ్ట్ దిగిన కార్మికులు, గచ్చిబౌలి క్యాబ్ కోసం చూసే నాలాంటి సాఫ్ట్‌వేర్ వాళ్లు అక్కడే కలుస్తాం. ఒక పొద్దున ఎవరి ఫోన్లోనో ‘భీమ్లా నాయక్’ టైటిల్ సాంగ్ మొదలైంది. ముందుగా వినిపించే గొంతు దర్శనం మొగిలయ్యది. పక్కనున్న ఫ్రెండ్ అన్నాడు: “ఇది మన బ్లూస్ రా!”

ఈ మాట ఈమధ్య చాలామంది అంటున్నారు. వినడానికి బాగానే ఉంది. ఊరూరా తిరిగి, దక్కలి కులపోళ్ల కిన్నెర మీద పండుగ సాయన్న కథ చెప్పుకునే మనిషికి అమెరికా పోలిక దొరికింది. ఎండు సొరకాయ బుర్రలు, వెదురు, తేనెమైనం, 12 మెట్లతో చేసే కిన్నెరకు, స్లైడ్ గిటార్‌కు వాయించే తీరులో పోలికేమీ లేదు. అయినా సరే, బ్లూసే అనుకుందాం. కానీ బ్లూస్ కథలో మనకు నచ్చిన సగమే తీసుకుంటే ఎట్లా?

రెండో సగం ఇది. మిసిసిపీ ఫ్రెడ్ మెక్‌డోవెల్ పత్తి చేలల్లో పనిచేసిన నల్లజాతి రైతు. సీసా మూతి గాజును వేలికి తొడుక్కుని గిటార్ తీగల మీద జార్చేవాడు. 1959లో ఆలన్ లోమాక్స్ ఆయన్ని రికార్డు చేశాడు. తర్వాత ఊళ్లు, దేశాలు తిరిగాడు. ఆయన పాడిన ‘యూ గాటా మూవ్’ను రోలింగ్ స్టోన్స్ 1971లో తమ ‘స్టికీ ఫింగర్స్’ ఆల్బమ్‌లో పాడారు. అది నిజానికి పాత చర్చి పాటే. అయినా ఆయన రికార్డులు వేసిన ఆర్హూలీ కంపెనీ యజమాని క్రిస్ స్ట్రాక్‌విట్జ్ లాయర్లతో పోరాడి రాయల్టీ రాబట్టాడు. 1972లో మెక్‌డోవెల్ చనిపోయేలోపే ఆ చెక్కు ఆయన చేతికందింది. అది ఎవరో మెచ్చి ఇచ్చిన బహుమానం కాదు, ఆయన పాటకు రావాల్సిన లెక్క.

మనమేం చేశాం? 2022లో మొగిలయ్యకు పద్మశ్రీ వచ్చింది. రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు ప్రకటించింది. మంచిదే. 2024లో ఆయన హైదరాబాద్ శివారు తుర్కయంజాల్‌లో కూలి పని చేస్తున్న వీడియో బయటికొచ్చింది. పిల్లల పెళ్లిళ్లకు, వైద్యానికి డబ్బులు అయిపోయాయని, నెలకు 10 వేల గౌరవ భృతి ఆగిపోయిందని ఆయనే చెప్పుకున్నాడు. దానికి మనవాళ్ల ప్రశ్న: “కోటి ఇచ్చారు కదా, ఏం చేశాడు?”

ఈ ప్రశ్నంటే నాకు ఒళ్లుమంట. నా బోనస్ ఏం చేశానని ఎప్పుడైనా ఎవరైనా అడిగారా? నేను అడిగించుకోను, ఎందుకంటే అది నా జీతం. దానం తీసుకున్నవాడు మాత్రం లెక్క చెప్పాలి. కళాకారుడికి వచ్చేదాన్ని జీతం కానియ్యకుండా దానంగానే ఉంచడంలో మన సుఖం ఇదే. ఇచ్చినప్పుడు దాతలం, ఆ తర్వాత ఆడిటర్లం.

“జానపదం కులానిది, ఒక్క మనిషికి రాయల్టీ ఏంటి?” అనేవాళ్లూ ఉన్నారు. కథ కులానిదే, ఒప్పుకుంటా. కానీ రికార్డులో ఉన్న ఆ గొంతు ఎవరిది? 2012లో సవరించిన మన కాపీరైట్ చట్టం, 38ఏ సెక్షన్‌లో, ప్రదర్శనను వ్యాపారానికి వాడుకుంటే కళాకారుడికి రాయల్టీ హక్కు ఉందని రాసిపెట్టింది. మరుసటి ఏడు, 2013లో, సినిమా గాయకులు ఆ హక్కు కోసం ఇస్రా అనే సంఘం పెట్టుకున్నారు. అంటే కొత్త చట్టం అక్కర్లేదు. కిన్నెర, శారద, ఒగ్గు కళాకారుల్ని అలాంటి సంఘంలో చేర్పించి, రికార్డింగ్‌కు ముందే కాగితం చదివి వినిపించి, లెక్క అడిగే మనిషి కావాలి. మన భాషా సాంస్కృతిక శాఖ శాలువాలు కొనే బడ్జెట్లో కొంత ఇద్దరు లాయర్లకు పెట్టలేదా?

శాలువా ఒక్కసారే కప్పుతారు. పాట మాత్రం ఇస్నాపూర్‌లో రోజూ మోగుతూనే ఉంటుంది. మోగిన ప్రతిసారీ పాడినోడికి పది పైసలు పోయే దారి వేయనంతవరకు, ఆయన్ని ‘మన బ్లూస్’ అనకండి. ఆ మాటకూ ఒక చెక్కు బాకీ ఉంది.