జోడెద్దుల నడక

పిల్లలూ! మా మనవడి కంప్యూటరులో 8 జీబీ ర్యామ్ వుండేది. సెలవుల్లో మరొక 8 జీబీ పట్టీ కొనితెచ్చి, పాతదాని పక్కనే అమర్చాడు. మర్నాటినుంచీ వున్నట్టుండి నీలితెర పడటం, యంత్రం ఆగిపోవటం! వాడు రాసుకున్న సైన్సు వ్యాసం రెండుసార్లు పోయింది.

ర్యామ్ అంటే కంప్యూటరుకు పలక వంటిది. చేసే పనంతా దానిమీద సున్నలుగా, ఒకట్లుగా రాసుకుంటుంది. ఒక్క అంకె తారుమారైనా పని చెడవచ్చు. డిస్కులో దాచుకోనిది యంత్రం ఆగగానే చెరిగిపోతుంది.

"షాపువాడు మోసం చేశాడు, తాతయ్యా! పోయి అడుగుదాం," అన్నాడు వాడు.

"నింద వేసేముందు పరీక్ష చేద్దాం. ఒకసారికి ఒకటే మార్పు!" అన్నాను.

ప్లగ్గు తీశాం. వంటిమీది స్థిరవిద్యుత్తు పోయేటందుకు పెట్టె ఇనుపభాగం తాకి, కొత్త పట్టీ ఒక్కటే వుంచాం. మళ్ళీ ప్లగ్గు పెట్టి రాత్రంతా మెమ్‌టెస్ట్ నడిపితే ఒక్క తప్పూ రాలేదు. మర్నాడు పాతది ఒక్కటే పెట్టాం. తప్పులే తప్పులు!

"మూడేళ్ళు బాగా పనిచేసిందే!" అని చీటీలు చూశాను. పాతదాని వేగం 2666, కొత్తదాని వేగం 3200. యంత్రం మాత్రం 3200తో నడుస్తున్నది.

వాడు తల వంచుకున్నాడు. "పట్టీ పెట్టిన రోజునే సెట్టింగు నేనే మార్చాను, తాతయ్యా!"

వేగం 2666కు తగ్గించి రెండూ కలిపి పెట్టాం. ఇక చిక్కే లేదు. జోడెద్దుల బండి నెమ్మదిగా నడిచే ఎద్దును బట్టే పోవాలి గదా!

ఒకే రోజున రెండు మార్పులు చేసి, ఒకటి మరిచిపోయాడు మావాడు. మీరు మాత్రం ఏ మార్పు చేసినా నోటుపుస్తకంలో రాసుకోండి. పాపం, షాపువాడి తప్పేమీ లేదు!