ఒపోబో రేవు – స్వేచ్ఛావర్తకము

ఆఫ్రికావాసులకు వర్తకము నేర్పినవారు ఐరోపీయులే యని నేటికిని పలుకువారు గలరు. అట్టివారు ఒపోబో చరిత్రము నొకసారి చదువుట మంచిది.

నైజీరియా దేశమున ఇమో నది సముద్రమును గలియు తావున నున్న చిన్న రేవుపట్టణ మిది. దీనిని నెలకొల్పిన జాజా బాల్యమున ఇగ్బోసీమనుండి బానిసగా బానీ రేవునకు అమ్మబడినవాడు. అచ్చటి వర్తకకుటుంబములలో సమర్థుడైన బానిస నాయకుడు కావచ్చును. జాజా యట్లే యయ్యెను. 1869లో బానీలో అంతఃకలహము రేగగా, తనవారితో తూర్పునకు తరలి ఒపోబోను స్థాపించెను. లోనాటి పామాయిలు సంతలకు పోవు జలమార్గ మతని చేత జిక్కెను. ఇంగ్లాండులో సబ్బులకును, కొవ్వొత్తులకును, యంత్రముల కందెనకును ఆ నూనె కావలసి యుండెను. 1873లో ఆంగ్లేయులే యతనిని రాజుగా అంగీకరించిరి. 1884లో వారు రక్షణసంధి తేగా, స్వేచ్ఛావర్తక నిబంధనను కొట్టివేయించిన పిమ్మటనే యతడు సమ్మతించెను. తెల్లవర్తకు లేకమై నూనె ధర తగ్గింపగా, తిన్నగా లివర్పూలునకే సరుకు పంపెను.

ఆ స్వేచ్ఛ యెట్టిదో చూడుడు! కొనువారు కూడబలుకుకొని ధర దించుట స్వేచ్ఛయట. ఆ ధరకు అమ్మనని యొకడనుట వర్తకద్రోహమట! 1887లో కాన్సలు జాన్‌స్టన్, క్షేమముగా తిరిగి పోనిత్తునని మాటయిచ్చి జాజాను చర్చకు పిలిచి, యుద్ధనౌకాబలముతో బెదరించి బందీని జేసెను. అక్రాలో విచారణ జరిపి వెస్టిండీసునకు పంపిరి. 1891లో స్వదేశమునకు మరలుచు, టెనెరీఫ్ ద్వీపమున నతడు మరణించెను.

జాజా నిర్దోషి యని నేననను. తాను బానిసయై యుండియు బానిసల నేలినవాడే. తన సంతలకు పరుల రానీయక గుత్త నడిపినవాడే. కాని గుత్తయే పాపమైనచో, 1886లో ఆ ప్రభుత్వమే రాయల్ నైజర్ కంపెనీకి అధికారపత్ర మేల నొసగెను? ఆ కంపెనీ లైసెన్సులతోను సుంకములతోను స్థానికవర్తకులను నైజర్ నదినుండి వెడలగొట్టెను. జీవనము మూతబడిన బ్రాస్ ప్రజలు 1895లో అకాసాలోని కంపెనీ స్థావరముపై బడిరి. ఒపోబోలో పాపమైనది నైజరుపై పుణ్య మెట్లయ్యెను?

బడిలో పాఠములు చెప్పువాడను గనుక తల్లిదండ్రులకు నా మనవి యొక్కటే. బిడ్డల పుస్తకములలో ‘స్వేచ్ఛావర్తకము’ అను మాట కనబడినప్పుడెల్ల, అది యెవరి స్వేచ్ఛ యని యడుగుట వారికి నేర్పుడు. ఆ ప్రశ్న నేర్వని చదువు గెలిచినవాని మాటలను వల్లించుటయే యగును.