సొట్ట లేని పగులు

చెల్లి పెళ్లి మాఘమాసంలో. సారె సామాన్ల లిస్టు అమ్మ వాట్సాప్‌లో పెట్టింది. బిందె ఒకటి, గంగాళం ఒకటి, గుండిగలు రెండు, చెంబులు, పళ్లేలు. కింద ఒక లైను: "అన్నీ ఇత్తడివే. స్టీలు తెస్తే గుమ్మంలోకి రానివ్వను."

ఇత్తడి గురించి నాకు తెలిసింది ఒక్కటే, పచ్చగా ఉంటుందని. అందుకని పోయిన ఆదివారం నరసాపురం బజారుకి వెళ్తూ బాబాయి కొడుకు చిన్నోణ్ని కూడా బండెక్కించుకున్నాను. డిగ్రీ రెండో ఏడు, ఎన్‌సీసీ కుర్రాడు. మోయడానికి పనికొస్తాడని తీసుకెళ్లానంతే.

వాడు ఎక్కగానే, "అన్నయ్యా, మంచి బ్రాస్ ఎలా సెలెక్ట్ చెయ్యాలో నాకు బాగా తెలుసు" అన్నాడు.

"నీకెలా తెలుసురా?"

"యూట్యూబ్‌లో చూశాను. రైఫిల్ తూటాల బ్రాస్."

నవ్వకండి. నేను నవ్వాను, తర్వాత నోరు మూసుకున్నాను. ఎందుకో చెప్తాను.

ఎన్‌సీసీ క్యాంపులో వీడి చేత .22 రైఫిల్ కాల్పించారట. పేలిన తర్వాత ఖాళీ గొట్టాలు ఏరి, లెక్కపెట్టి, ఒక్కటి కూడా తగ్గకుండా అప్పగించమన్నారట. ఈ ఇత్తడి ముక్కలకి ఇంత లెక్క ఎందుకబ్బా అని వీడు ఫోన్లో వెతకడం మొదలెట్టాడు. అక్కడ అమెరికా వాళ్ల వీడియోలు దొరికాయి. వాళ్లలో చాలామంది షూటర్లు పేలిన గొట్టాన్ని పారెయ్యరు. శుభ్రం చేసి, సైజు సరిచేసి, కొత్త ప్రైమర్, మందు, గుండు పెట్టి మళ్లీ వాడతారు. దాన్నే రీలోడింగ్ అంటారు. వీడు కాల్చిన .22 గొట్టాలు మాత్రం దానికి పనికిరావు. వాటిలో నిప్పు పుట్టించే మందు అంచు మడతలోనే ఉంటుంది, పేలేటప్పుడు ఆ అంచు నొక్కుకుపోతుంది. అడుగున మధ్యలో విడిగా ప్రైమర్ ఉండే పెద్ద రైఫిల్ గొట్టాలే మళ్లీ వాడుకోవచ్చు.

మన దగ్గర మాత్రం ఇది చేసి చూసే పని కాదు. లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేస్తే 1959 నాటి ఆయుధాల చట్టం కింద నేరం. వీడియో చూడండి, అక్కడితో ఆపండి.

ఇంతకీ ఆ షూటర్లు మంచి ఇత్తడిని ఎలా ఎంచుకుంటారు? చిన్నోడు చెప్పింది నా మాటల్లో చెప్తాను.

తూటా గొట్టం ఇత్తడిలో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. దీనికి కార్ట్రిడ్జ్ బ్రాస్ అనే పేరే ఉంది. సాగదీసి ఆకారం తేవడానికి ఇంత అనువైన లోహాలు తక్కువ. రేకులోంచి బిళ్ల కోసి, గిన్నెలా వంచి, ఒక్కో దఫా లాగుతూ గొట్టం చేస్తారు. లాగిన కొద్దీ ఇత్తడి గట్టిపడుతుంది, పెళుసవుతుంది. అందుకే మధ్యమధ్యలో కాల్చి మెత్తబరుస్తారు. చివర్లో అడుగు భాగాన్ని గట్టిగానే వదిలేసి, మెడ దగ్గర మాత్రం మళ్లీ సెగ చూపిస్తారు. మిలిటరీ తూటాల మెడ మీద నీలం, గోధుమ రంగు కలిసిన మచ్చ కనిపిస్తుంది, అది ఆ సెగ గుర్తు. మురికి కాదు.

కొనేవాళ్లు చూసేవి కూడా ఇవే. ఒకే కంపెనీ, ఒకే లాటు గొట్టాలేనా? ఒక్కోదాన్ని తూకం వేస్తే బరువులు దగ్గరగా ఉన్నాయా? గోడ మందం చుట్టూ ఒకేలా ఉందా? మెడ దగ్గర సన్నటి పగులుందా? అడుక్కి కాస్త పైన మెరిసే గీత చుట్టుకుని ఉందా? ఆ గీత ఉంటే లోపల గోడ పలచబడిపోయిందని అర్థం. అది మళ్లీ పేలిస్తే గొట్టం అక్కడికక్కడ రెండు ముక్కలు కావచ్చు, కాల్చేవాడి మొహానికే ప్రమాదం.

నరసాపురంలో తూటా అనే మాట వినపడితే నాకు అల్లూరి గుర్తొస్తాడు. మన టేలర్ హైస్కూల్లో చదివాడు కదా ఆయన. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడ్డాడు. ఆ మూడు చోట్లా కలిపి 26 తుపాకులు, రెండున్నర వేల దాకా తూటాలు దొరికాయని చెప్తారు. అడవిలో తూటా చేసే ఫ్యాక్టరీ లేదు. పేలిందంటే అయిపోయినట్టే. చేతిలో ఎన్ని గొట్టాలున్నాయో అన్నే దెబ్బలు.

సరే, అసలు కథకి వస్తాను.

మేం బయల్దేరేటప్పుడు నాన్న ఒక గోనెసంచి బండి మీద పెట్టారు. "ఇది మార్పిడికి ఇచ్చెయ్. పాత ఇత్తడికి బాగానే కట్టిస్తారు."

సంచిలో ఉన్నది మామ్మ పుట్టింటి బిందె.

ఈ బిందెకి మా ఇంట్లో ఒక చరిత్ర ఉంది. నేను పుట్టకముందు సంగతి. మామ్మ పెళ్లికి వాళ్ల నాన్న అజ్జరం నుంచి చేయించి తెచ్చాడు. పెరవలి మండలంలో ఉందే, ఇత్తడి సామాన్లకి పేరున్న ఊరు, అదే. ఇంట్లోకి స్టీలు బిందెలు వచ్చాక దీన్ని గొడ్లసావిట్లో అటకెక్కించారు. ఒక శ్రావణమాసం, వరలక్ష్మీ వ్రతానికి కలశం నీళ్లకి ఇత్తడి బిందె కావాలని మామ్మ అడిగింది. అటక మీంచి దించింది కొత్త కోడలు, మా దొడ్డమ్మ. నీళ్లు పోస్తే ముత్తైదువలందరి ముందూ బొటబొటా కారాయి. మెడ నుంచి కిందికి జానెడు పగులు.

"నా పుట్టింటి బిందె పడేసి పగలగొట్టావు" అంది మామ్మ.

"నేను పడెయ్యలేదండి అత్తయ్యగారూ" అంది దొడ్డమ్మ.

అంతే. ఆ తర్వాత ముప్పయ్యేళ్లకి పైగా ప్రతి శ్రావణమాసం ఆ బిందె మాట వచ్చేది. మామ్మ అరిచేది కాదు. వచ్చిన చుట్టాలకి నవ్వుతూనే చెప్పేది, "మా పెద్దకోడలు చేతిలో ఏదీ నిలవదమ్మా" అని. చిన్నప్పుడు మేమూ నవ్వేవాళ్లం. దొడ్డమ్మ గాజు గ్లాసు పట్టుకుంటే "జాగ్రత్త దొడ్డమ్మా" అని ఏడిపించేవాళ్లం. ఆవిడ ఎప్పుడూ తిరిగి ఏమీ అనలేదు. మామ్మ పోయి ఆరేళ్లయింది. ఇంట్లో ఆ మాట మాత్రం పోలేదు.

కొట్లో బిందె సంచిలోంచి తీశాను. ఓ మూల కూర్చుని గిన్నెలకి కళాయి వేస్తున్న పెద్దాయన దాన్ని అడిగి తీసుకున్నారు. వేలితో కొట్టి చూశారు. పగులు పక్కనంతా బొటనవేలితో తడిమారు.

"ఎలా పగిలిందండి ఇది?"

"ఎవరో పడేశారంటండి" అన్నాను. దొడ్డమ్మ పేరు చెప్పబుద్ధి కాలేదు.

"పడితే సొట్ట పడాలండి. సొట్టేదీ? ఇత్తడి మట్టికుండ కాదు కదండి, పడగానే పగలడానికి. ముందు నొక్కుకుంటుంది. ఆయ్, ఇది తనంతట తనే విచ్చుకుందండి. కొట్టేవాడు ఆఖర్న కాల్చడం మానేసుంటాడు."

నేను చిన్నోడి వంక చూశాను. వాడు అప్పటికే ఫోన్ తీశాడు. "అన్నయ్యా, ఇది సీజన్ క్రాకింగ్! తూటాలకి కూడా ఇదే అయ్యింది. అదీ మన ఇండియాలోనే."

ఇది నిజం. బ్రిటిష్ వాళ్ల కాలంలో సైన్యం తూటాలని వానాకాలం గుర్రపుశాలల్లో దాచేవారు. వానలు వెలిశాక తీసి చూస్తే, ఎవరూ ముట్టుకోకుండానే కొన్ని గొట్టాలు మెడ దగ్గర నిలువునా పగిలి ఉండేవి. వాన సీజన్‌లో వచ్చే పగులు కాబట్టి సీజన్ క్రాకింగ్ అన్నారు. కారణం తేలింది మాత్రం 1921లో. మూర్, బెకిన్‌సేల్, మలిన్‌సన్ అనే ముగ్గురు ఆ సంవత్సరం అచ్చేసిన పరిశోధనలో వివరించారు.

విషయం ఏమిటంటే, లాగి, కొట్టి, వంచిన ఇత్తడిలో ఆ బిగింపు లోపలే ఉండిపోతుంది. పైకి కనపడదు. గుర్రాల మూత్రం నుంచి అమ్మోనియా వస్తుంది. గాల్లో తేమ ఉంటే అది ఇత్తడి మీద పనిచేస్తుంది. లోపల బిగింపు, బయట అమ్మోనియా, పైన తేమ. మూడూ కలిస్తే ఇత్తడి తనంతట తనే పగులుతుంది. ఏ ఒక్కటి లేకపోయినా ఆ పగులు రాదు. మందు కూడా చిన్నదే. తయారయ్యాక సుమారు 250 నుంచి 300 డిగ్రీల సెగ చూపిస్తే బిగింపు చాలావరకు వదిలిపోతుంది. పెద్దాయన "కాల్చడం" అన్నది ఇలాంటి సెగ గురించే.

కొట్లో నిలబడి నేను లెక్క కట్టుకున్నాను. సుత్తితో కొట్టి చేసిన బిందె. కింద నాలుగు గేదెలు కట్టేసి ఉండే సావిడి. పైన అటక. ఆషాఢం, శ్రావణం, మన గోదారి ముసురు. మెడ దగ్గర నిలువు పగులు, పక్కన సొట్ట లేదు.

ల్యాబ్ టెస్టేమీ చేయించలేదు నేను. కానీ ముప్పయ్యేళ్లు ఒక మనిషి మీద నింద వెయ్యడానికి మా ఇంట్లో ఏ టెస్టూ అక్కర్లేకపోయింది కదా.

బిందె మార్పిడికి ఇవ్వలేదు. కొత్త సామాన్లు మాత్రం పెద్దాయన చెప్పినట్టు చూసి కొన్నాం. మీకూ పనికొస్తుంది, స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఒకటి, ఫోన్ కవర్‌లో ఉండే అయస్కాంతం దగ్గర పెట్టండి. అంటుకుంటే అది ఇత్తడి పూత వేసిన ఇనుము.

రెండు, పైన పాలిష్ చూసి మోసపోవద్దు. లోపలి రంగు, అడుగు రంగు చూడండి. రాగి ఎక్కువైతే ఎరుపు తిరుగుతుంది, జింకు ఎక్కువైతే పాలిపోయిన పసుపు.

మూడు, అంచు చుట్టూ రెండు వేళ్లతో తడమండి. మందం ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటే వద్దు.

నాలుగు, వేలితో కొట్టండి. ఖంగుమని మోగి కాసేపు నిలవాలి. బొద్దుగా పలికితే పగులో, అతుకు లోపమో ఉండొచ్చు.

ఐదు, నీళ్లు నింపి పది నిమిషాలు పొడి నేల మీద పెట్టించండి. మొహమాటపడకండి, డబ్బు మీది.

ఆరు, పాతది కొంటుంటే గులాబీ రంగు మచ్చలున్నాయేమో చూడండి. అక్కడ జింకు పోయి రాగి మిగిలిందన్నమాట, ఆ చోటు బలహీనం.

ఏడు, కళాయి లేని ఇత్తడిలో చింతపండు పులుసు, మజ్జిగ పెట్టొద్దు. పులుపుకి లోహం దిగుతుంది.

ఎనిమిది, అన్నిటికంటే ముఖ్యం. పశువుల పాకలో, ఎరువుల బస్తాల పక్కన ఇత్తడి దాచకండి. చెమ్మ తగిలిన యూరియా నుంచి కూడా వచ్చేది అమ్మోనియానే. మన వైపు చాలా ఇళ్లలో రెండూ ఒకే గదిలో ఉంటాయి.

సామాన్లు ఆటోలో ఇంటికి పంపించేసి, మేమిద్దరం అటునుంచి అటే పాలకొల్లు వెళ్లాం. దొడ్డమ్మ అక్కడ మా అన్నయ్య దగ్గర ఉంటోంది. బిందె ముందు పెట్టాను. పగులు చూపించాను, సొట్ట లేని చోటు చూపించాను. గుర్రాల కథ చిన్నోడు చెప్పాడు, చేతులూపుతూ, ఎన్‌సీసీ సార్‌లాగా.

ఆవిడ మొత్తం విన్నది. పగులు మీద వేలు పెట్టి పైనుంచి కిందిదాకా మెల్లగా రాసింది.

"నేను చెప్పాను కదరా, పడెయ్యలేదని" అంది.

నా దగ్గర జవాబు లేదు. నిజమే, మొదటిరోజే చెప్పింది. మేం వినలేదు.

కాసేపాగి, "మీ మామ్మ ఉండగా తెలిసుంటే బాగుండేది. ఆవిడకీ బాధే పాపం, పుట్టింటి వస్తువు" అంది. లేచి కాఫీ పెట్టింది. గాజు గ్లాసుల్లో ఇచ్చింది. ఈసారి ఎవరం ఏమీ అనలేదు.

వచ్చేటప్పుడు బిందె సంచిలో పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఉంచెయ్యరా. బియ్యం పోసుకుంటాను. బియ్యం కారవు కదా."

ఇంటికొచ్చి నాన్నకి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫోన్ తీసుకుని వరండాలోకి వెళ్లారు. "వదినా" అన్న మాట ఒక్కటే నాకు వినపడింది.

మీ ఇంట్లో కూడా అటక మీద పగిలిన బిందె ఒకటి, దాని పక్కనే ఎవరో ఒకరి పేరు ఉండే ఉంటాయి. ఈ ఆదివారం దించండి. మెడ దగ్గర తడిమి చూడండి. సొట్ట లేకపోతే, ఆ మనిషికి ఒక ఫోన్ కొట్టండి.